అభక్ష్యం నుంచి అమృతం దాకా

పుట్టగొడుగుకు చరిత్ర ఏమిటని మిత్రులు నవ్వవచ్చు. రాజుల చరిత్రా కవుల చరిత్రా చదివి పరీక్షలు రాసినవాళ్ళం మనం. రాత్రి వానకు మొలిచి పొద్దెక్కేసరికి వాడిపోయే వస్తువుకు కూడా ఒక చరిత్ర ఉంటుందని మనకెవరూ చెప్పలేదు. కాని ఒక సమాజం ఏ తిండిని నీచమన్నదో, మళ్ళీ ఎప్పుడు దాన్నే నెత్తికెత్తుకున్నదో, ఆ మధ్యలో లాభం ఎవరి ఇంటికి చేరిందో విచారిస్తే, తామ్రశాసనాలు చెప్పని సంగతులు కొన్ని బయటపడతాయి. ఈనాడు పుట్టగొడుగు సారం సీసాల్లోకీ గొట్టాల్లోకీ ఎక్కి, రోగనిరోధకశక్తి పేరిట ఊరూరా అమ్ముడవుతున్నది. కాబట్టి ఈ విచారణ కేవలం పండితుల కాలక్షేపం కాదు.

ముందు మాటనే చూద్దాం. మన భాషలో పుట్టగొడుగు అంటే పుట్ట మీది గొడుగు. తెలంగాణాలో పుట్టకొక్కు అంటారు. ఈ పేరు పెట్టినవాడు ఏ కళాశాలలోనూ చదవలేదు గాని, ప్రకృతిని మాత్రం బాగా చదివాడు. చెదపురుగులు పుట్ట లోపల ఒక జాతి శిలీంధ్రాన్ని తోటలాగా పెంచుతాయి. తాము కొరికి తెచ్చిన కట్టెనూ ఆకునూ దానికి ఎరువుగా వేసి, అది మెత్తబరచిన పదార్థాన్ని తింటాయి. తొలకరి పడగానే ఆ తోటలోంచే గొడుగులు పైకి వస్తాయి. శాస్త్రజ్ఞులు ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. టెర్మైట్ అంటే చెద, మైసిస్ అంటే శిలీంధ్రం. అంటే మన పల్లెజనం ఏనాడో పెట్టుకున్న పేరునే గ్రీకు లాటిన్ తొడుగు వేసి మళ్ళీ పెట్టారన్నమాట! ఈ జాతిని మనిషి చెదల సాయం లేకుండా సాగుచేయడం ఈనాటికీ సాధ్యం కాలేదు.

సంస్కృతంలో దీనికి ఛత్రాకమనీ, కవకమనీ, శిలీంధ్రమనీ పేర్లున్నాయి. కాళిదాసు మేఘసందేశంలో ఉరుము వినగానే భూమి శిలీంధ్రాలను పైకెత్తి తాను గొడ్రాలిని కానని చాటుకుంటుంది. మన కోలాచలం మల్లినాథసూరి ఆ మాటకు కందళిక అని అర్థం చెప్పాడు. మహావ్యాఖ్యాతతో తగవు పెట్టుకునే సాహసం నాకు లేదు గాని, ఉరుముకూ శిలీంధ్రానికీ ముడిపెట్టిన చోట నాకు పుట్టగొడుగే కనిపిస్తుంది. ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మన పల్లెల్లో అనుకోని ఊరు లేదు.

కవికి పంటకు గుర్తుగా కనిపించిన వస్తువు స్మృతికర్తకు మరొకలా కనిపించింది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో వెల్లుల్లితో, ఉల్లితో కలిపి కవకాలను ద్విజులు తినరాదని నిషేధించింది. మలినమైనచోట పుట్టినవి కూడదని అక్కడే కారణం కూడా చెప్పింది. తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడన్నది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. నిషేధం ద్విజులకే. తక్కినవాళ్ళు తినవచ్చునా అన్న ప్రశ్న స్మృతికర్తకు అసలు పుట్టనేలేదు. వాళ్ళు తింటూనే ఉన్నారు, తినడమే వాళ్ళను తక్కువ చేయడానికి మరొక సాక్ష్యమైంది. ఆషాఢంలో గాదెలు అడుగంటి, కొత్త పంట ఇంకా దుక్కిలోనే ఉన్న రోజుల్లో కూలివాడి కుండలోకి కాసులేకుండా వచ్చిన కూర ఇది. దాన్ని అభక్ష్యమన్న పెద్దమనిషి గాదె ఆ నెలలో ఖాళీగా ఉండేది కాదు.

వైద్యులు మాత్రం స్మృతికర్తలంత కళ్ళు మూసుకోలేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో ఆహారద్రవ్యాలు చెప్పేచోట, నేలను చీల్చుకు పుట్టే ఉద్భిదాలను పుట్టినచోటును బట్టి విడదీశారు. గడ్డిలో పుట్టినవి, చెరకుపిప్పిలో పుట్టినవి, పిడకల్లో పుట్టినవి, వెదురులో పుట్టినవి, నేలలో పుట్టినవి అని అయిదు తెగలు. గడ్డిలో పుట్టినవి తియ్యనివనీ దోషాలను శమింపజేస్తాయనీ, పిడకల్లోవీ వెదురులోవీ వాతాన్ని రేపుతాయనీ చెప్పారు. ఇందులో వాతపిత్తాల లెక్క మనకు ఈనాడు అక్కరకు రాకపోవచ్చు. కాని ఏ ఆధారం మీద పెరిగితే ఆ గుణం వస్తుందన్న పరిశీలన అసలైన పరిశీలన. పుట్టగొడుగు తాను పెరిగే పదార్థంలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను ఒంట్లోకి లాగి పోగుచేసుకుంటుందని నేటి ప్రయోగశాలలు రుజువు చేశాయి. ఒకే సంస్కృతిలో, ఒకే భాషలో, రెండు చూపులు. ఒకటి వస్తువును చూసింది. రెండోది వస్తువును ముట్టుకున్న చేతిని చూసింది.

ఈ ముట్టుకున్న చేతుల జ్ఞానం ఎలాంటిదో నేను కొల్లేటికోటలో విన్నాను. కైకలూరు మండలంలో, కొల్లేటి నడుమ, పెద్దింట్లమ్మ గుడి ఉన్న లంక అది. ఫాల్గుణంలో జాతరకు చుట్టుపక్కల జిల్లాల జనమంతా అక్కడికి వస్తారు. కొల్లేటి వడ్డీలకు చేపే ప్రాణం గాని, వరి కోతలకు మెరకకు పోయిన ఆడవాళ్ళు పాత గడ్డివాముల అడుగున మొలిచే గొడుగులు ఏరి తెచ్చుకునేవాళ్ళు. మంచిదేదో చెడ్డదేదో ఎట్లా తెలుస్తుందవ్వా అని ఒక ముసలామెను అడిగాను. "అన్నీ తెలవ్వు బాబూ. మా అమ్మ ఏ వాము కాడ ఏది కోసిందో అదే కోసేదాన్ని. తెలవనిది ముట్టేదాన్ని కాదు" అన్నది.

ఎంత గొప్ప మాట ఇది! వెండి కాసు నల్లబడితే విషమనీ, పురుగు తిన్నది మనిషికి పనికొస్తుందనీ చదువుకున్నవాళ్ళు కూడా చెబుతుంటారు. రెండూ అబద్ధమే. అట్లాంటి పరీక్షల్ని నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ప్రాణాంతకమైన కుక్కగొడుగును కనిపెట్టే చిట్కా ఏదీ లేదు. జాతిని జాతిగా గుర్తుపట్టడం, తెలియనిదాన్ని వదిలిపెట్టడం, ఇంతే ఉన్నది. వృక్షశాస్త్ర ఆచార్యుడూ ఇదే చెబుతాడు. అవ్వ తెలియదని ఒప్పుకున్నచోటనే ఆమె జ్ఞానానికి విలువ ఉన్నది.

అదే ఊళ్ళో నా విద్యార్థి ఒకడి ఇంట్లో రెండో రకం జ్ఞానం చూశాను. వాడి తల్లికి చాలా ఏళ్ళుగా చేతుల కీళ్ళు వాచి వంకరపోయే వాతం. ఒంటిలోని రోగనిరోధక కణాలు శత్రువును వదిలి సొంత కీళ్ళ మీదనే పడే జబ్బు అది. పట్నం డాక్టరు రాసిచ్చిన చీటీలో వారానికొకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రా, వేరే రోజున వేసుకోవలసిన ఫోలిక్ యాసిడ్ మాత్రా ఉన్నాయి. చేపల చెరువు మీద కూలి చేసుకుని బతికే కుటుంబం. గొలుసుకట్టు అమ్మకాల మనిషి ఒకడు వచ్చి, ఇంగ్లీషు మందు నిరోధకశక్తిని చంపేస్తున్నదని చెప్పి, అది మాన్పించి, దాన్ని పెంచే పుట్టగొడుగు సారమంటూ ఒక సీసా అంటగట్టాడు. ఆ సీసా ఖరీదు ఆ ఇంటికి చాలా రోజుల కూలి. నేను వెళ్ళేసరికి ఆమె చేతితో గ్లాసు పట్టుకోలేకపోతున్నది. అమ్మకందారు చెప్పిన మొదటి ముక్క ఒక విధంగా నిజమే. మెథోట్రెక్సేట్ నిరోధకశక్తిని అణచేదే. అణచవలసిన జబ్బు గనుకనే డాక్టరు రాశాడు. సగం నిజానికి మించిన అబద్ధం లేదని ఆ ఇంట్లో తెలిసివచ్చింది. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించడానికి నాకూ వాడికీ కొన్ని వారాలు పట్టింది.

ఈ సీసాలో ఏమీ లేదా మరి? అట్లా కొట్టివేయడం అశాస్త్రీయం. పుట్టగొడుగు సారానికి సంబంధించిన నిజమైన పరిశోధన జపానులో జరిగింది. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి గోరో చిహారా బృందం ఒక బహుశర్కర పదార్థాన్ని వేరుచేసి, లెంటినాన్ అని పేరు పెట్టి, ఎలుకల్లో కణితి పెరుగుదలను అది ఆపుతున్నదని 1969లో ప్రకటించింది. ఇంతవరకు పత్రికలవాళ్ళు ఎగిరి గంతేసే వార్త. అసలు కీలకం తరువాతి ప్రయోగంలో ఉన్నది. థైమస్ గ్రంథి తీసివేసిన ఎలుకల్లో ఆ మందు పనిచేయలేదు. అంటే అది కణితిని విషంలాగా చంపడం లేదు. శరీరం తన సొంత బలగాన్ని కదిలిస్తేనే పని జరుగుతున్నది. థైమస్ అంటే ఆ బలగంలో ఒక ముఖ్యమైన తెగ కణాలకు శిక్షణ ఇచ్చే చోటు.

ఎందుకు కదులుతుంది ఆ బలగం? శిలీంధ్రాల కణాల గోడలు బీటా గ్లూకాన్ అనే పదార్థంతో కట్టి ఉంటాయి. మన శరీరంలో ఆ పదార్థం లేదు. కనుక అది ఎక్కడ కనిపించినా శత్రువు చొరబడ్డట్టే లెక్క. తెల్లకణాల మీద దాన్ని పట్టుకునే కొక్కెం ఒకటున్నదని, డెక్టిన్-1 అనే ఆ కొక్కెమే బీటా గ్లూకాన్‌ను గుర్తుపడుతుందని 2001లో బ్రిటిష్ పరిశోధకులు చూపించారు. కాబట్టి పుట్టగొడుగు సారం శక్తినిచ్చే అమృతమేమీ కాదు. శరీరం దృష్టిలో అది దొంగ వచ్చాడన్న కేక. కేక విని కావలివాళ్ళు లేస్తారు. కొన్ని సందర్భాల్లో అట్లా లేవడం మేలు చేస్తుంది.

జపాను ప్రభుత్వం కవరతాకే అనే మరో పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్ మందును 1977లోనూ, లెంటినాన్‌ను 1985లోనూ కాన్సరు వైద్యానికి అనుమతించింది. లెంటినాన్‌ను కడుపు కాన్సరులో కాన్సరు మందులతో కలిపి వాడమన్నారు, వాటికి బదులుగా కాదు. క్రెస్టిన్‌కు మొదట్లో ఇచ్చిన విశాలమైన అనుమతిని కూడా 1989లో ప్రభుత్వమే తిరిగి పరిశీలించి, ఇతర మందులతో కలిపి వాడే సందర్భాలకు కుదించింది. అప్పటికి అది దేశంలో విపరీతంగా అమ్ముడైన మందు. లెంటినాన్ రక్తనాళంలోకి ఎక్కించే మందు. నోటితో మింగిన పొడి దానంత పని చేస్తుందని అమ్మకందారు చెప్పేమాటకు ఆధారం లేదు. అమెరికాలో ఏ పుట్టగొడుగు సారానికీ కాన్సరు మందుగా అనుమతి రాలేదు. సీసా మీద అచ్చువేసే పేర్లలో జపాను ఉంటుంది. ఈ షరతులు మాత్రం ఉండవు.

నిరోధకశక్తిని కుండలో నీళ్ళలాగా ఊహించుకోవడం దీనికంతటికీ మూలం. నిండితే మంచిది, తగ్గితే చెడ్డది అని. నిజానికి అది కుండ కాదు, కాలవల వ్యవస్థ. ఎక్కడ తూము తెరవాలో ఎక్కడ మూయాలో తెలిసి ఉండాలి. డెల్టా వాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అన్ని తూములూ ఒకేసారి ఎత్తితే ఊరు మునుగుతుంది. శిలీంధ్రాలు కూడా ఈ రెండు పనులూ చేస్తాయి. మూత్రపిండం మార్చినవాళ్ళ శరీరం కొత్త అవయవాన్ని తోసివేయకుండా కాపాడే సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి వచ్చింది. అది నిరోధకశక్తిని అణుస్తుంది. ఈ మందు లేకపోతే అవయవ మార్పిడి ఇంతగా వ్యాపించేది కాదు. 2021లో కరోనా రెండో విడతలో, చక్కెర జబ్బు మీద స్టెరాయిడ్లు కూడా పడినవాళ్ళను బ్లాక్ ఫంగస్ కబళించింది. అప్పుడు శిలీంధ్రమే యముడు. అదే ఏడాది నిరోధకశక్తి సీసాల వ్యాపారం మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగింది.

మరి సారం నుంచి నిజమైన మందు ఎట్లా పుడుతుంది? దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ జపాను దాకా పోనక్కరలేదు. కొల్లేటికి దాపునే ఉన్న భీమవరం చాలు. కాని కథ అక్కడ మొదలుకాలేదు, బొంబాయిలో మొదలైంది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే బీద స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతతో చనిపోయేవాళ్ళు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928 నుంచి దాన్ని పరిశోధించి, ఈస్టు సారం ఇస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆమె వాడింది మార్మైట్ అనే చవకబారు తినుబండారం. ఈస్టు కూడా శిలీంధ్రమేనని గుర్తుపెట్టుకోండి. ఇది కూడా శిలీంధ్రసారం కథే. ఆమె ఆ సారానికి ఒక బంగారు రేకు చుట్టి అమ్ముకోవచ్చు. కాని ఆమె ఇందులో పనిచేస్తున్న వస్తువు ఏదో ఒకటున్నది, అదేమిటి అన్న ప్రశ్నను లోకం ముందు పెట్టింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే విరేచనాల జబ్బుకు ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో బలైపోయారు. తరువాత ఆయనకూ అది పట్టుకున్నప్పుడు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో లేచి కూర్చున్నాడు. వైద్య విద్యార్థిగా ఖద్దరు తొడుక్కున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు తక్కువ పట్టాతో బయటపడ్డాడు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించాడు. ఆయుర్వేదం తన ప్రాణం నిలబెట్టిందన్న కృతజ్ఞత ఉన్నా, ఎందుకు నిలబెట్టింది అన్న ప్రశ్న ఆయన విడిచిపెట్టలేదు. అమెరికా వెళ్ళాడు. హార్వర్డులో కండరాల శక్తి రహస్యాల మీద పనిచేశాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు అధిపతి అయ్యాడు. 1945లో ఆ బృందం ఫోలిక్ యాసిడ్ నిర్మాణాన్ని తేల్చి, కృత్రిమంగా తయారుచేసింది. లూసీ విల్స్ వెతికిన వస్తువు అది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు పనికివచ్చే మందూ అదే.

అక్కడితో ఆగలేదు. కణం చీలి రెండు కావడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చు దానిలాగే కనిపిస్తూ పని మాత్రం చేయని నకిలీని అందిస్తే, వెర్రిగా చీలుతున్న కణాలు మోసపోయి ఆగిపోతాయి. అట్లాంటి నకిలీల్లో ఒకటైన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట కలిగించి 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. చీలే నిరోధక కణాలను కూడా అది అదుపులో పెడుతుంది కనుకనే కీళ్ళవాతానికి మందయింది. నా విద్యార్థి తల్లి చీటీలో ఉన్న రెండు మాత్రలూ, అసలుదీ దాని నకిలీదీ, ఒకే ప్రయోగశాల నుంచి, భీమవరం మనిషి నాయకత్వం నుంచి వచ్చినవే! ఆ మందు మాన్పించిన అమ్మకందారుకు ఈ సంగతి తెలియదు. మనం మన పిల్లలకు పాఠంలో చెప్పలేదు కనుక తెలియదు.

బోదకాలు మందు హెట్రజాన్ కూడా 1947లో ఆ బృందమే వెలువరించింది. గోదావరి జిల్లాల పల్లెల్లో బోదకాలు ఎంత మామూలు దృశ్యమో పెద్దవాళ్ళు చెప్పగలరు. ఈ మందులో ఒక వింత ఉన్నది. గాజునాళికలో బోదకాలు పురుగు పిల్లల మీద పోస్తే అది దాదాపు ఏమీ చేయదు. మనిషి ఒంట్లో ఉన్నప్పుడు మాత్రం, శరీరపు సొంత కావలి కణాలకు ఆ పురుగును పట్టి ఇస్తుంది. నిరోధకశక్తితో చేయి కలిపి పనిచేసే మందంటే ఇదీ. సీసా మీద పేరు లేదు, గొలుసుకట్టు లేదు. 2004 నుంచి బోదకాలు ప్రాంతాల్లో ఏడాదికొకసారి ఇంటింటికీ ఉచితంగా పంచిన మాత్ర ఇదే. ఫోలిక్ యాసిడ్ కూడా ఇనుముతో కలిపి గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. సారంలో రహస్యం విప్పిన మందు ఊరికే పంచేటంత చవక అయింది. రహస్యం విప్పని సారం మాత్రం ఎప్పటికీ ఖరీదే. వ్యాపారికి రహస్యమే సరుకు గనుక అది విప్పడం అతనికి నష్టం. సుబ్బారావు కూడా ఒక పెట్టుబడిదారీ కంపెనీలోనే పనిచేశాడు కదా అని ఒక మిత్రుడు అడ్డుతగిలాడు. నిజమే. కాని ఫోలిక్ యాసిడ్ నిర్మాణం పత్రికలో అచ్చయింది, ఎవరైనా తయారుచేసుకోగలిగారు. సీసావాడు తన సీసాలో ఏ జాతి, ఎంత పాలు, ఏ గడ్డి మీద పెరిగింది అన్నది కూడా చెప్పడు.

1948 ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధిచేసే వడపోతల జిగురులో దొరికిన ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టాడు. మురికిలో పుట్టినదని స్మృతి నిషేధించిన కులానికి చెందిన జీవి, ఒక నియోగి బ్రాహ్మణుడి పేరు మోస్తున్నది. మనువు చూస్తే ఏమనేవాడో!

సీసాల మీద ఎక్కువగా కనిపించే పేరు గానోడెర్మా. చైనాలో లింగ్‌ఝీ అనీ జపానులో రీషీ అనీ అంటారు. అమరత్వం కోరిన చక్రవర్తులు దాన్ని వెతికించారు. గోదావరి జిల్లాల కొబ్బరి రైతును అడిగి చూడండి, అతను ఆ జాతిని మరో విధంగా ఎరుగును. చెట్టు మొదట్లో ఎర్రని బంక కారి, ఆకులు వేలాడి, చివరకు మొదట్లో గట్టి గొడుగు పుట్టేసరికి చెట్టు చచ్చిపోతుంది. దాన్ని గానోడెర్మా తెగులంటారు. 1952 తుఫాను తరువాత తంజావూరు తోటల్లో చెలరేగి ఆ ఊరి పేరు కూడా తెచ్చుకున్నది. దాని మీద పోరాడటానికి వేపపిండితో కలిపి ట్రైకోడెర్మా అనే మరొక శిలీంధ్రాన్ని వేయమంటారు. ఒకే కులంలో ఒకటి చంపేది, ఒకటి కాపాడేది. అమృతమనీ విషమనీ ముందే పేరు పెట్టి కూర్చుంటే ఈ సంబంధాలేవీ కనపడవు.

ఇక తిండి మాట. గడ్డి పుట్టగొడుగును మందుగా కాక కూరగా, సాగుచేసి పండించే పద్ధతిని కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో 1940లలోనే నిరూపించారు. అప్పుడు మన జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే. ఎండుగడ్డిని తడిపి కట్టలుగా పేర్చి, విత్తనం చల్లి కప్పితే, డెల్టా వేడికి రెండు మూడు వారాల్లో కోతకు వస్తుంది. పది కిలోల ఎండుగడ్డికి కిలో, ఆ పైన కొంత దిగుబడి. మాంసకృత్తులున్న కూర, సుశ్రుతుడు తియ్యనిదన్న రకం. ఎనభై ఏళ్ళు గడిచాయి. ఈలోగా కొల్లేటి చుట్టూ పొలాలు చెరువులయ్యాయి. 2006 ప్రాంతంలో ప్రభుత్వం గట్లు తెగ్గొట్టించిన చెరువులూ ఉన్నాయి, మళ్ళీ లేచినవీ ఉన్నాయి. మెరక పొలాల్లో కోత యంత్రం వచ్చి గడ్డివాము వేసేవాడే తగ్గిపోయాడు. అవ్వ చెప్పిన వాముల జాడ అడిగితే ఆమె మనవరాలు రొయ్యల చెరువు గట్టు చూపించింది. దాళ్వా కోతలయ్యాక చాలాచోట్ల గడ్డిని పొలంలోనే తగలబెడుతున్నారు.